మాస్టారి ఎడమ కాలి బూటు

ఊళ్లు పట్టుకు తిరిగేవాడికి వానతో పెద్ద గొడవ లేదు. ఎక్కడో ఒక చూరు దొరుకుతుంది. గొడవల్లా బూట్లతోనే. ఆ ఊళ్లో బస్సు దిగి పది అడుగులు వేశానో లేదో, నా కుడికాలి బూటు ముందువైపు నోరు తెరిచింది. గులకరాయి ఒకటి లోపలికొచ్చి బొటనవేలిని పలకరించింది. ఈడ్చుకుంటూ టీ కొట్టు దాకా వెళ్లి, బూట్లు బాగుచేసేవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాను.

"ఇద్దరున్నారు" అన్నాడు కొట్టతను. "మార్కెట్ అవతల ఒకాయన. ఇవాళ సెలవు."

"రెండో ఆయన?"

అతను గ్లాసు కడుగుతూ ఆగాడు. "వంతెన మొదట్లో చెక్క బడ్డీ. పని బాగానే చేస్తాడు. ఆయన దగ్గర మీ సంగతులు మాత్రం మాట్లాడకండి."

"నా సంగతులు విని ఏం చేసుకుంటాడయ్యా? నాకే పనికిరానివి."

"ఏమో. మాట్లాడకూడదని మా నాన్న చెప్పాడు, నేను మాట్లాడను. రెండు గుమ్మాల మనిషి అంటారాయన్ని. ముందు గుమ్మంలో మనతో నవ్వి, వెనక గుమ్మంలోంచి పోలీసులకి కబుర్లు మోసేవాడట."

"ఎప్పటి మాట?"

"నేను పుట్టకముందుది."

పుట్టకముందు జరిగినదాన్ని ఇంత ధీమాగా చెప్పేవాళ్లంటే నాకు అనుమానం. అలా అని అవతలివాణ్ని నమ్ముతాననుకునేరు, అదీ లేదు. చాలా ఊళ్లలో చాలామందిని నమ్మి, ఆ తర్వాత ఒంటరిగా రైలెక్కిన అనుభవం నాది. చొక్కా లోపలి జేబుకి గుండీ పెట్టుకుని వంతెన వైపు కుంటుకుంటూ వెళ్లాను.

బడ్డీలో డెబ్బై ఏళ్ల మనిషి కూర్చున్నాడు. ముందు నా మొహం చూడలేదు. బూటు అందుకుని తిరగేసి, మడమ మీద బొటనవేలు రాశాడు.

"మునివేళ్ల దగ్గర అరిగిపోయింది. మడమ కొత్తగా ఉంది. ఎక్కడా నిలబడరు మీరు" అన్నాడు. "ఎవరింటికెళ్లినా గుమ్మంలోంచే సెలవు తీసుకునే రకం."

అప్పటిదాకా నా సంగతులు చెప్పకుండా జాగ్రత్తపడుతున్న నాకు చిర్రెత్తింది. చెప్పకుండానే చెప్పేశాడు మరి. పోలీసులు ఇతన్ని ఎందుకు మెచ్చి ఉంటారో అర్థమైందనుకున్నాను.

ఆరెతో తోలుకి చిల్లులు పొడిచి, మైనం పూసిన దారం దూర్చి, పళ్లతో బిగించి లాగుతున్నాడు. పక్కన తిరగేసిన ఇనుప పాదం, దాని మీద పోలీసు బూటు ఒకటి. గిరాకీ అంటే అవే. మిగతావి నా బోటి దారినపోయేవాళ్లవి. ఆ ఊరివాళ్ల చెప్పు ఒక్కటీ లేదు.

పని అయ్యాక నా చేతికివ్వకుండా ఒళ్లోనే పెట్టుకున్నాడు. "చదువుకున్నవాళ్లలా ఉన్నారు. ఆ ఎదురుగా రెండు గదులున్నాయే, మాస్టారి గదులంటారు. ఎలాగూ చూస్తారు. ఒక సాయం చెయ్యండి. అద్దాల పెట్టెలో ఆయన బూట్లున్నాయి. ఎడమ కాలిది సోలు ఎంత విడిందో చూసొచ్చి చెప్పండి."

"నువ్వే వెళ్లి చూడొచ్చుగా? నాలుగడుగులే."

"నన్ను రానివ్వరు."

"ఎవరు?"

"మా అక్క" అన్నాడు, సుత్తి అందుకుంటూ.

ఇక్కడ మాస్టారి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆ ఊరు కాలువకి రెండు వైపులా ఉంటుంది. ఆఫీసులు, ఆస్పత్రి, గ్రంథాలయం అన్నీ ఎగువన. పనిచేసే చేతులన్నీ దిగువన. ఒకప్పుడు దిగువవాళ్లు వంతెన దాటాలంటే పసుపుపచ్చ చీటీ ఉండాలి. అందులో పేరు, చేసే పని, తిరిగి రావాల్సిన గంట రాసి ఉండేవి. దిగువ బడిలో పాఠాలు చెప్పే మాస్టారు ఒకరోజు గ్రంథాలయానికని చీటీ చూపిస్తే కాపలావాడు వెనక్కి పంపేశాడట, చదవడం పని కాదని. ఇన్నేళ్లుగా చదవడం తప్ప మరో పని చెయ్యని నాకు ఆ కాపలావాడి మీద ఇప్పటికీ కోపమే. మాస్టారికి కోపం రాలేదట. మర్నాడు చీటీ ఇంట్లో పెట్టి నడిచాడు. ఆ మర్నాడు నలుగురు నడిచారు. తర్వాత వందమంది. ఆయన పెట్టిన నియమాలు మూడు. చేతులు కనబడుతూ ఉండాలి. దెబ్బకి దెబ్బ, తిట్టుకి తిట్టు ఉండకూడదు. ఏం చెయ్యబోతున్నామో పోలీసు అధికారికి ముందే రాసి పంపాలి.

ఈ నియమాలు పెట్టాక జరిగిన రెండో నడకలో ముప్పైమందికి తలలు పగిలాయి. అప్పుడు నడిచేవాళ్ల కమిటీ కూర్చుని ఆ మూడో నియమం వద్దని తీర్మానించింది. చెప్పి మరీ తన్నించుకోవడమేమిటని. మాస్టారు తల వంచుకున్నాడు. ఒప్పుకున్నాడనుకున్నారు. మూడోసారి ఎవరికీ చెప్పకుండా, దారి కూడా మార్చి, పాత రేవు మీదుగా బయల్దేరారు. పోలీసులు సరిగ్గా అక్కడే వరస కట్టి నిలబడి ఉన్నారు. మళ్లీ తలలు పగిలాయి. దెబ్బల మధ్యే వంతెన దాకా వచ్చిన మాస్టారిని దాని మీదే అరెస్టు చేశారు. ఏడాది తిరక్కుండా జైల్లోనే పోయాడు. మరో రెండేళ్లకి చీటీ రద్దయింది. ఇదంతా ఆ గదుల గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మూడోసారి పోలీసులకి ఎవరు చెప్పారన్నది మాత్రం రాయలేదు. రాయక్కర్లేదు, ఊళ్లో అందరికీ తెలుసు.

మహానుభావుల గదులు చాలా చూశాను నేను. ఎక్కడ చూసినా ఒక కళ్లజోడు, ఒక కలం, ఆయన ఎంత తక్కువ తినేవాడో చెప్పే ఒక కంచం. బతికినంత కాలం మనిషిని ఊపిరాడనివ్వరు, పోయాక కంచాన్ని అద్దంలో పెడతారు. ఇక్కడ బూట్లున్నాయి. ఎడమదాని సోలు వేలు దూరేంత విడింది.

"అంత వంగి చూడక్కర్లేదు" అన్న గొంతు వినబడింది. తాళాల గుత్తి నడుముకి దోపుకున్న పెద్దావిడ. ఎడమవైపు కాస్త ఒరిగి నడుస్తోంది. "ఆ బడ్డీ మనిషి పంపాడా?"

అబద్ధం చెబుదామనుకున్నాను గానీ ఆవిడ కళ్లు చూశాక కుదరలేదు. "సోలు ఎంత విడిందో చూసి రమ్మన్నాడమ్మా."

"ఏడాదికొకణ్ని పంపుతాడు. కిందటేడు గొడుగులమ్మేవాణ్ని పంపాడు. కుట్టిపెడతాడట! ఊరికే! ముప్పై రెండేళ్ల కిందట ఆ మూడో నడకలో మా ఆయన తల పగిలితే కుట్టడానికి ఎవరూ లేరు. తొమ్మిది రోజులు తన్నుకుని పోయాడు."

"ఆయన చెప్పాడని సాక్ష్యమేమిటమ్మా?"

"సాక్ష్యమా? ముందురోజు సాయంత్రం బూట్ల సంచీతో స్టేషను వెనక గుమ్మంలోకి వెళ్లాడు. మా తోడికోడలు చూసింది. నేను మొహం మీదే అడిగాను, 'వెళ్లావా?' అని. వెళ్లానన్నాడు. 'చెప్పావా?' అన్నాను. నోరు విప్పలేదు. చిన్నప్పుడు పలక పగలగొట్టినా అదే మౌనం వాడిది. అంతే. ఆ రోజు నుంచి తమ్ముడు లేడు నాకు."

"మరి ఈ బూటు ఇలా విడిపోతుంటే..."

"సోమవారం రాజధాని మ్యూజియంవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. అక్కడెవరో నిపుణుడున్నాడట. సోలు పూర్తిగా విప్పి, మందులు పూసి, మళ్లీ కడతాడట. వాడితో అదే చెప్పండి."

వెళ్లి అదే చెప్పాను. 'పూర్తిగా విప్పి' అన్న మాట దగ్గర అతని చేతిలో ఆరె ఆగింది.

"సోమవారమా?"

"సోమవారమే. ఏమయ్యా, ఆ బూటులో ఏం దాచావు?"

నేను గురి చూసి అన్న మాట కాదది. ఊరికే అన్నాను. అతను మాత్రం చుట్టూ చూసి, బడ్డీ రెక్క సగం దించి, నన్ను లోపలికి జరగమన్నాడు. లోపలి జేబు గుండీ ఇంకోసారి తడుముకుని జరిగాను.

"మా నాన్న స్టేషను బూట్లు చూసేవాడు. ఆయన తర్వాత నేను" అని మొదలుపెట్టాడు. "దిగువ నుంచి చీటీ లేకుండా ఎగువకి వెళ్లగలిగిన వాణ్ని నేనొక్కణ్నే. అదీ వెనక గుమ్మంలోంచి. అందుకే మాస్టారు మొదటి కాగితం నాకిచ్చాడు. రెండు ప్రతులు రాసేవాడు. ఒకటి అధికారికి. రెండోదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకుని తేవాలి. మొదటిసారీ రెండోసారీ కమిటీకి తెలిసే జరిగింది."

"మూడోసారి?"

"తీర్మానం అయిన రెండో రోజు సాయంత్రం, 'ఎడమ కాలిది గుచ్చుకుంటోంది, చూడు' అని వచ్చాడు. ఏమీ గుచ్చుకోవట్లేదు. జేబులోంచి కాగితం తీశాడు. 'మాస్టారూ, వద్దన్నారుగా వాళ్లు' అన్నాను. 'కమిటీ చెప్పదు. నేను చెబుతాను. దొంగచాటుగా నడిస్తే మన నడకకీ దొంగ నడకకీ తేడా ఏముంటుంది?' అన్నాడు."

"సంతకమైన ప్రతులేవి?"

అతను తన అరికాలు చూపించాడు. "లోపలి అట్టకీ సోలుకీ మధ్య. మూడూ. 'పారెయ్యకు, మనం చెప్పే నడిచామని ఒకనాడు చూపించాలి' అన్నాడు. ఎక్కడ దాచనంటే, 'నీ పనిలోనే దాచు, నీ కుట్టు విప్పగలిగేవాడు ఇంకొకడు పుట్టలేదుగా' అని నవ్వాడు. మర్నాడు వాటి మీదే నడిచాడు."

"జైల్లో ఆయన్ని చూశావా?"

"ఒకసారి. బావ పోయాడని చెప్పాను. గోడవైపు తిరిగాడు. తర్వాత, 'కాగితాలు బయటపెట్టెయ్' అన్నాడు. బూట్లు జైలువాళ్ల దగ్గర ఉన్నాయి మాస్టారూ అన్నాను. నన్ను ఊళ్లో ఏమంటున్నారో మాత్రం చెప్పలేదు. ఆయన పోయాక బూట్లు అక్క చేతికిచ్చారు, కమిటీ వంట ఆవిడే చూసేది గనక. అప్పటికే నాకు ఆ తలుపు మూసేసింది."

"కేక వేసైనా చెప్పొచ్చుగా?"

"ఏమని? మీ మాస్టారే చెప్పి మీవాళ్లని కొట్టించాడనా? చీటీ పోయిందంటే ఆయన వల్ల. ఇప్పుడు కాగితాలు బయటపడితే ఆ గోడ మీద ఫొటో ఉండనిస్తారా? అందుకే కుట్టేస్తానంటున్నాను. ఎవడో నిపుణుడు విప్పకముందే, పైనుంచి గట్టిగా రెండు వరసలు."

కథ బాగుంది. మరీ బాగుంది. అదే నా అనుమానం. ద్రోహం చేసినవాడికి ఇంతకంటే మంచి కథ దొరకదు. చచ్చిపోయిన మహానుభావుడి మీదకి తోసెయ్యొచ్చు, పైగా ఆయన్ని కాపాడుతున్నట్టు కూడా ఉంటుంది. సోలులో ఉన్నది పోలీసులిచ్చిన ఇంకేదో అయితే? దాన్ని మాయం చెయ్యడానికి నన్ను అడ్డం పెట్టుకుంటున్నాడేమో. ఒకవేళ చెప్పిందంతా నిజమైతే, అప్పుడు అనుమానం మాస్టారి మీదకి మళ్లుతుంది. తల వంచుకుని లోపల వేరేగా అనుకున్న మనిషిని ఏమనాలి?

"ఒకటడుగుతాను" అన్నాను. "ఆయన చూపించమన్నాడు. నువ్వు దాచావు. నువ్వు కాపాడుతున్నది ఆయన్నా, నిన్నా?"

అతను పోలీసు బూటు మడమలో నాలుగు మేకులు దిగేదాకా కొట్టాడు. ఐదోది వంకర పోయింది.

ఆ ఊళ్లో నాకేం పని? సాయంత్రం బస్సెక్కితే సరిపోయేది. బూటు కూడా బాగైంది. మడమలు కొత్తగా ఉన్నాయన్న మాట మాత్రం బొటనవేలి కింద గులకరాయిలా గుచ్చుతూ ఉంది. మర్నాడు పొద్దున్నే మాస్టారి గదులు తీయగానే వెళ్లి, ఉన్నదున్నట్టు ఆవిడకి చెప్పేశాను. తమ్ముడి మాట నమ్మించే ప్రయత్నమేమీ చెయ్యలేదు. నాకే నమ్మకం లేదుగా.

ఆవిడ విని, చీపురు గోడకి ఆనించింది. పెట్టె తాళం తీసి, ఎడమ బూటు నా చేతికిచ్చింది. "నొక్కండి."

నొక్కాను. లోపల ఎండుటాకులా చప్పుడైంది.

"ఈ గదులు తెరిచిన దగ్గర్నుంచి, ఇరవై ఏళ్లుగా తుడుస్తున్నాను. తుడిచినప్పుడల్లా ఈ చప్పుడు వింటున్నాను" అంది. "విప్పలేదు. వాడి చేతి కుట్టది. ముడి మడమ కింద దాస్తాడు, మా నాన్న నేర్పిన పద్ధతి. అంటే లోపల ఉన్నది వాడు పెట్టిందే. వాడి ద్రోహం కళ్లారా చూడాలా అని ఒకరోజు, ద్రోహం కాకపోతే ఎలా అని ఇంకోరోజు. ఇలాగే వెళ్లిపోయింది." నా చేతిలోంచి బూటు తీసుకుంది. "పిలవండి వాణ్ని. మీరూ ఉండండి. బయటివాళ్లు ఒకరుండాలి."

నేను కబురు చెబితే అతను ఆరె, మైనం దారం, కత్తి సంచీలో వేసుకున్నాడు. ఎదుటి గడప దగ్గర ఆగి, "వెనకనుంచి రానా?" అని నన్నడిగాడు.

లోపల్నుంచి ఆవిడే అంది: "ఈ ఇంటికి ఒకటే గుమ్మం."

వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఆవిడ బల్ల మీద కూర్చుంది. మధ్యలో బూటు. అతను దారం తీసి సూదికి ఎక్కించబోయాడు.

"కుట్టకు" అంది. "విప్పు."

"అక్కా, మాస్టారి పేరు..."

"మాస్టారి పేరు సంగతి నేను చూసుకుంటాను. విప్పు."

మడమ కింద ముడి ఎక్కడుందో వెతుక్కోలేదు. కత్తి మొన నేరుగా అక్కడికే వెళ్లింది. దారం తెగుతూ వచ్చింది. సోలు పక్కకి వాలింది. చెమటకి గోధుమరంగు తిరిగిన కాగితాలు మూడు, పాదం ఆకారంలో వంగిపోయి ఉన్నాయి. ఆవిడ అన్నిటికంటే పైనున్నది తీసుకుంది. ఆవిడకి అక్షరాలు నేర్పింది కూడా మాస్టారే. గట్టిగా, కూడబలుక్కుంటూ చదివింది.

"రేపు ఉదయం ఎనిమిది గంటలకి నూట పన్నెండుమందిమి చీటీలు లేకుండా పాత రేవు దారిన వచ్చి వంతెన దాటుతాము. మా చేతులు ఖాళీగా ఉంటాయి. ఈ కబురు నా ఒక్కడిది. కమిటీకి దీనితో సంబంధం లేదు. ఇది తెచ్చిన మనిషికి ఇందులో ఏముందో తెలియదు."

కింద వేరే సిరాతో 'అందింది' అనీ, సంతకం, గంట.

ఆవిడ ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టి, మళ్లీ చదువుకుంది. "తెలియదు" అంది తమ్ముడివైపు చూస్తూ. "నీకు తెలియదా? తెలియకుండా మోశావా?"

నా అనుమానాలన్నీ అక్కడితో ఆగిపోవచ్చు. ముప్పై రెండేళ్ల మచ్చ ఒక్క వాక్యంతో తుడిచిపెట్టి మాస్టారు వెళ్లాడు. అవునంటే చాలు. తల ఊపినా చాలు. నాకైతే అతని మోకాలు పొడిచి ఊపించాలనిపించింది.

"ఆ ఒక్క మాట నిజం కాదక్కా" అన్నాడు.

"ఏమిటి?"

"నన్ను పోలీసులు పట్టుకుంటారని అలా రాశాడు. నాకు చదివి వినిపించాడు. 'పట్టుకెళ్తావా?' అని అడిగాడు కూడా. పట్టుకెళ్తానన్నాను. నూట పన్నెండులో బావ ఉన్నాడని తెలుసు. కాలువ గట్టు మీంచే వెళ్లాను. జారవిడిస్తే అయిపోయేది."

"ఎందుకు విడవలేదు?"

"ఆయన అడిగాడు గనక. అదొక్కటే కాదులే." అరచేతిలో మైనం ఉండ నలుపుతున్నాడు. "చెప్పి నడవడమే సరి అనిపించింది నాక్కూడా. వెనక గుమ్మంలోంచి తిరిగిన వాణ్ని గదక్కా నేను. దొంగలా వెళ్లడం ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియదు. బావకి చెప్పి ఉండాల్సింది. బావకి చెప్పలేదు. ఆ తప్పు మాస్టారిది కాదు, నాది. అందుకే నువ్వడిగినప్పుడు నోరు రాలేదు."

ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు. కాగితం మడతపడ్డచోట గోటితో సాఫు చేస్తూ కూర్చుంది.

"మా ఆయనకి తెలిసినా నడిచేవాడు" అంది చివరికి. "అయినా చెప్పాల్సింది. నువ్వూ చెప్పాల్సింది, ఆయనా చెప్పాల్సింది. ఇన్నేళ్లూ ఆయన ఫొటో తుడిచాను, నీ మొహం చూడలేదు. ఇద్దరూ కలిసి చేశారు." లేచి, కాగితాలు మూడూ అద్దాల పెట్టెలో, బూటు ఉండే చోట పరిచింది. "సోమవారం వాళ్లొస్తే నేను మాట్లాడతాను. టీ కొట్టువాడికీ నేనే చెబుతాను. ఎవరి మీద ఎంత కోపం తెచ్చుకోవాలో జనమే తేల్చుకుంటారు. నువ్వు బూటు కుట్టు. లోపల ఏమీ పెట్టకు."

అతను కుట్టాడు. నేను గోడ మీది ఫొటో చూస్తూ కూర్చున్నాను. పొద్దున కనబడినంత పెద్దగా కనబడలేదు మాస్టారు. నిజం రాసి పంపిన కాగితంలోనే ఒక అబద్ధం కూడా రాశాడు, ఒక మనిషిని కాపాడటానికి. ఆ మనిషి దాన్ని వాడుకోలేదు. వీళ్లిద్దరిలో ఎవరు గురువో తేల్చుకోవడం నావల్ల కాలేదు. మాస్టారు తల వంచుకోవడం మీద నాకున్న అనుమానం ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా.

ముడి మడమ కింద దాచి, దారం కొరికి, అతను సంచీ సర్దుకున్నాడు. ఆవిడ తన ఎడమ కాలి చెప్పు విప్పి, కాలితోనే అతని ముందుకి తోసింది. పట్టీ ఒకవైపు ఊడి ఉంది.

అతను తిరగేసి చూసి మొహం చిట్లించాడు. "ఎవడు కుట్టాడు దీన్ని? కళ్లు మూసుకునా?"

"మార్కెట్ అవతలాయన. ముప్పై రెండేళ్లుగా అతనే."

"అందుకే నీ నడక అలా ఎడమకి ఒరిగింది."

"నా నడక నువ్వెప్పుడు చూశావురా?"

"బడ్డీ వంతెన మొదట్లోనే గదక్కా" అన్నాడు, చెప్పు మీంచి తల ఎత్తకుండా.

ఆవిడ రెండో చెప్పు కూడా విప్పింది.